ఎండు రక్తపు చుక్క పరీక్ష: ఫినైల్‌కీటోన్యూరియా చికిత్సలో దాని పాత్ర

వేలి కొన నుంచో పసిబిడ్డ మడమ నుంచో తీసిన ఒకటి రెండు చుక్కల రక్తాన్ని మందపాటి ఫిల్టర్ కాగితం మీద పట్టి, ఆరబెట్టి, ప్రయోగశాలకు పంపి, అందులోని రసాయనాలను కొలిచే పద్ధతిని ఎండు రక్తపు చుక్క పరీక్ష అంటారు. అప్పుడే పుట్టిన పిల్లల్లో పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలను పసిగట్టే పరీక్షగా దీనికి ప్రపంచమంతటా పేరుంది. అమెరికాలో కాన్పు అయిన తెలుగు కుటుంబాలకు ఆసుపత్రి వదిలేలోపు బిడ్డ మడమ మీద పొడిచి కాగితానికి రక్తం అద్దిన సంగతి గుర్తుండే ఉంటుంది. అయితే ఈ పద్ధతి పుట్టింది ఆ పని కోసం కాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జీవక్రియ లోపం ఉందని అప్పటికే తేలి, ప్రత్యేక ఆహారం తీసుకుంటున్న పిల్లలకు ఆ ఆహారం సరిపోతోందా లేదా అని ఎప్పటికప్పుడు చూసుకోవడానికి పుట్టింది. నవజాత శిశువుల పరీక్ష ఆ తరువాతి ఆలోచన. ఈ వరస తెలియకపోవడం వల్ల జబ్బును పట్టుకోవడం మీద ఉన్న శ్రద్ధ, పట్టుకున్నాక ఏళ్ల తరబడి కొలుస్తూ ఉండడం మీద ఉండడం లేదు.

వ్యాధి

మనం తినే మాంసకృత్తుల్లోని ఇరవై అమైనో ఆమ్లాల్లో ఫినైల్‌అలనిన్ ఒకటి. శరీరం దీన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. వచ్చినదానిలో కొంత శరీరం తన సొంత ప్రొటీన్ల నిర్మాణానికి వాడుకుంటుంది. మిగిలినదాన్ని కాలేయంలోని ఫినైల్‌అలనిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారుస్తుంది. ఈ ఎంజైమ్‌ను తయారు చేసే జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ లోపంతో ఉంటే ఆ పని ఆగిపోతుంది, లేదా బాగా మందగిస్తుంది. రక్తంలో ఫినైల్‌అలనిన్ పేరుకుపోతుంది. ఇదే ఫినైల్‌కీటోన్యూరియా. మామూలు మనిషిలో లీటరు రక్తంలో సుమారు 50 నుంచి 110 మైక్రోమోళ్ల దాకా ఉండేది, తీవ్రమైన రకంలో 1200 దాటుతుంది. టైరోసిన్ కొరత అదనం.

మెదడులోకి అమైనో ఆమ్లాలు చేరే దారిలో కొన్ని ద్వారాలను ఫినైల్‌అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ కలిసి వాడుకుంటాయి. మొదటిది ఎక్కువైతే మిగతా రెండూ లోపలికి పోలేవు; డోపమిన్, సెరటోనిన్ తయారీ కుంటుపడుతుంది. చికిత్స లేని పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. కొన్ని నెలలకు ఎదుగుదల వెనకబడుతుంది. తీవ్రమైన బుద్ధిమాంద్యం, మూర్ఛలు, చామనచాయ కుటుంబంలోనూ లేతరంగు జుట్టు, మూత్రంలో చెమటలో బూజు వాసన దీని గుర్తులు. ఒకసారి మెదడుకు జరిగిన నష్టం మళ్లీ పూడదు.

తల్లిదండ్రులిద్దరూ లోపమున్న ప్రతిని ఒక్కొక్కటి మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాళ్లకు మాత్రం ఏ లక్షణమూ ఉండదు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగితే ఇద్దరూ అదే లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి, మేనరికాలు ఇంకా సాగుతున్న తెలుగు జిల్లాల్లో ఇలాంటి అంతర్గత జన్యు వ్యాధులన్నీ వైద్యుల దృష్టిలో ఉండవలసినవే. యూరప్‌లో సగటున పదివేల జననాలకు ఒకరికి ఫినైల్‌కీటోన్యూరియా ఉంటుంది. టర్కీ, ఐర్లండ్‌లలో ఇంతకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఫిన్లండ్‌లో చాలా అరుదు.

ఎంజైమ్ బాగానే ఉండి, దానికి తోడు కావలసిన బీహెచ్4 అనే సహాయక పదార్థం తయారు కాకపోవడం వల్ల కూడా కొద్దిమందిలో ఫినైల్‌అలనిన్ పెరుగుతుంది. వారికి ఆహార నియమం ఒక్కటే చాలదు. అందుకే మొదటి చుక్కలో అంకె ఎక్కువ వచ్చిన ప్రతి బిడ్డకూ ఈ రకాన్ని వేరు చేసే పరీక్షలు చేయించాలి.

తొలి చికిత్స, తొలి పాఠం

1934లో నార్వే వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫెలింగ్ ఇద్దరు బుద్ధిమాంద్యపు పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసినప్పుడు అది ఆకుపచ్చ రంగుకు మారడం చూసి, అందులో ఫినైల్‌పైరువిక్ ఆమ్లం ఉందని రుజువు చేశాడు. పిల్లల తల్లి పట్టు వదలకుండా వైద్యుల చుట్టూ తిరగకపోతే ఆ మూత్రం ఆయన బల్ల మీదికి వచ్చేది కాదు. జబ్బు తెలిసింది, చేయగలిగింది మాత్రం మరో పద్దెనిమిదేళ్ల దాకా ఏమీ లేదు.

1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో హోర్స్ట్ బికెల్, జాన్ జెరార్డ్, ఎవెలిన్ హిక్‌మన్స్ కలిసి పాల ప్రొటీన్ అయిన కేసిన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, బొగ్గుపొడి గుండా వడగట్టి, ఫినైల్‌అలనిన్ తీసేసిన ఆహారం తయారు చేశారు. దాన్ని ఒక చిన్నపాపకు పెట్టారు. మొదట్లో ఆహారంలో ఫినైల్‌అలనిన్ బొత్తిగా లేదు. పాప బరువు తగ్గసాగింది. అంతకన్నా ఆశ్చర్యం, తగ్గవలసిన ఫినైల్‌అలనిన్ మళ్లీ పెరిగింది. కావలసిన అమైనో ఆమ్లం బయట నుంచి రాకపోయేసరికి ఒళ్లు తన కండరాలనే కరిగించుకోవడం మొదలుపెట్టింది. ఆ కరిగిన కండలోని ఫినైల్‌అలనిన్ రక్తంలోకి వచ్చింది. కొద్దిగా పాలు కలిపి ఇచ్చాక సర్దుకుంది. కొన్ని నెలల్లో పాప పాకడం, నిలబడడం నేర్చింది, కళ్లు వెలిగాయి, తల బాదుకోవడం మానేసింది. ఇదంతా ఆహారం వల్లేనని రుజువు చేయడానికి వైద్యులు తల్లికి చెప్పకుండా ఆహారంలో ఫినైల్‌అలనిన్ కలిపారు. పాప కొద్దిరోజుల్లోనే వెనక్కి జారిపోయింది. ఈ పని నేడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. 1953లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.

ఎక్కువైతే మెదడు దెబ్బతింటుంది, మరీ తక్కువైతే ఒంటి పెరుగుదల ఆగిపోతుంది, చర్మం పగులుతుంది, జుట్టు రాలుతుంది. కాబట్టి ఫినైల్‌అలనిన్‌ను మానేయడం చికిత్స కాదు. సరిగ్గా కావలసినంతే ఇవ్వడం చికిత్స. ఆ "కావలసినంత" బిడ్డ బిడ్డకూ వేరు. ఒకే బిడ్డలోనూ వయసుతో, జ్వరంతో, ఎదుగుదల వేగంతో మారుతుంది. దాన్ని తెలుసుకోవడానికి కొలవడం తప్ప మార్గం లేదు. మూత్రంలో రంగు మార్పు చూసే పరీక్ష రక్తంలో స్థాయి బాగా పెరిగాక గాని ఏమీ చెప్పదు, తగ్గిపోయిన సంగతి అసలు చెప్పలేదు. సిరలో సూది గుచ్చి మిల్లీలీటర్ల కొద్దీ రక్తం తీయడం పసిపిల్లలకు వారం వారం చేసే పని కాదు.

గథ్రీ చేసిన పని

అమెరికాలోని బఫెలో నగరంలో రాబర్ట్ గథ్రీ (1916–1995) అనే వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త క్యాన్సర్ పరిశోధనలో ఉండేవాడు. రోగుల రక్తంలోని పదార్థాలను బ్యాక్టీరియా పెరుగుదలతో కొలవడం అప్పటికే ఆయనకు చేతనైన విద్య. ఆయన కొడుకుల్లో ఒకరికి బుద్ధిమాంద్యం ఉండడంతో అలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘంలో చురుగ్గా ఉండేవాడు. అక్కడ పరిచయమైన రాబర్ట్ వార్నర్ అనే పిల్లల వైద్యుడు, ఆహార చికిత్సలో ఉన్న ఫినైల్‌కీటోన్యూరియా పిల్లల రక్తంలో ఫినైల్‌అలనిన్ కొలవడానికి సులువైన పద్ధతి కావాలని 1957లో అడిగాడు. గథ్రీ తన చేతిలో ఉన్న పద్ధతినే ఇందుకు మలిచాడు.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. బ్యాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా బీజాలను అగర్ జెల్లీలో కలుపుతారు. దాని పెరుగుదలను అడ్డుకునే బీటా-2-థయనైల్‌అలనిన్ అనే రసాయనాన్నీ అందులోనే కలుపుతారు. ఈ రసాయనం రూపంలో ఫినైల్‌అలనిన్‌ను పోలి ఉండి, బ్యాక్టీరియాను మోసగిస్తుంది. అసలు ఫినైల్‌అలనిన్ తగినంత దొరికితే మాత్రం ఆ అడ్డు పనిచేయదు. రక్తం ఎండిన కాగితం నుంచి చిన్న బిళ్ల కత్తిరించి జెల్లీ మీద పెట్టి ఒక రాత్రి వెచ్చగా ఉంచితే, రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువగా ఉన్న బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరిగి వలయం కడుతుంది. తెలిసిన మోతాదుల బిళ్లలను పక్కనే పెట్టి వలయాల వెడల్పు పోల్చి స్థాయిని అంచనా వేస్తారు. బిడ్డకు యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే బ్యాక్టీరియా పెరగక ఫలితం చెడేది. అంకె ఉజ్జాయింపుగానే వచ్చేది. అయినా ఖరీదైన పరికరం ఒక్కటీ అక్కర్లేదు, ఒకే పళ్లెంలో పదుల కొద్దీ బిళ్లలు పరీక్షించవచ్చు, నమూనా తపాలా కవరులో వస్తుంది.

1958లో గథ్రీ బంధువుల పాపకు పదిహేను నెలల వయసులో ఫినైల్‌కీటోన్యూరియా అని తేలింది. అప్పటికే ఆలస్యమైంది. పుట్టిన వెంటనే అందరు పిల్లలకూ ఇదే చుక్క పరీక్ష చేస్తే అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. అమెరికాలోని 29 రాష్ట్రాల్లో సుమారు నాలుగు లక్షల మంది శిశువులకు పరీక్ష చేసి 39 మందిని పట్టుకున్నారు. ఆడా సూసీతో కలిసి గథ్రీ రాసిన వ్యాసం 1963లో అచ్చయింది. అదే ఏడాది మాసచూసెట్స్ ఈ పరీక్షను చట్టప్రకారం తప్పనిసరి చేసింది. పరీక్షపై తనకు రాయల్టీ ఏదీ గథ్రీ పెట్టుకోలేదు; ఒక కంపెనీ చేతికి ధర నిర్ణయించే అధికారం పోకుండా కూడా పోరాడాడు. నవజాత శిశువుల కార్డును నేటికీ చాలా దేశాల్లో గథ్రీ కార్డు అనే పిలుస్తారు.

చుక్క పట్టడం

పరీక్ష నాణ్యతలో సగం ప్రయోగశాలకు చేరక ముందే తేలిపోతుంది. బ్రిటన్ వంటి దేశాల్లో ఆసుపత్రి సిబ్బంది నేర్పాక అమ్మానాన్నలే ఇంట్లో చుక్క తీసి తపాలాలో పంపుతారు. కాస్త పెద్దయ్యాక పిల్లలే తమ వేలు తామే పొడుచుకుంటారు.

తెల్లవారి లేవగానే, ఆ రోజు మొదటి ఫార్ములా (ఫినైల్‌అలనిన్ లేని ప్రత్యేక పొడి కలిపిన పానీయం) తాగక ముందే తీయడం మంచిది. రాత్రంతా తిండి లేనప్పుడు శరీరం కొద్దిగా సొంత ప్రొటీన్‌ను కరిగించుకుంటుంది కాబట్టి ఉదయాన ఫినైల్‌అలనిన్ రోజులో అత్యధికంగా ఉంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసిన చుక్కలను పోల్చి ఆహారం మార్చడం తప్పు. ఏ వేళ ఎంచుకున్నా ప్రతిసారీ అదే వేళ ఉండాలి.

చేతిని గోరువెచ్చని నీటితో కడిగి పూర్తిగా తుడవాలి. వేలి కొన మధ్యలో కాక పక్కన పొడవాలి. శిశువులకైతే మడమ మధ్యలో కాకుండా అంచుల్లోనే పొడుస్తారు. మధ్యలో ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. మొదటి చుక్కను దూదితో తుడిచేస్తారు. రెండో చుక్క పెద్దదిగా ఊరాక దాన్ని కాగితానికి తాకిస్తే, కాగితం తానే పీల్చుకుంటుంది. వేలిని పిండితే కణజాలపు నీరు కలిసి రక్తం పలుచబడుతుంది. గుండ్రని గీత లోపల ఒకే చుక్క నిండాలి, అవతలి వైపు కూడా తడిసి కనిపించాలి. చాలలేదని మీద మరో చుక్క వేస్తే అక్కడ రక్తం రెండు పొరలై ఫలితం అబద్ధంగా పెరుగుతుంది. సగమే తడిసిన చుక్క అబద్ధంగా తగ్గుతుంది. చుక్క పడిన చోట వేళ్లు తగలకూడదు. చేతికి అంటిన పాలపొడి రవ్వంత చాలు, అంకె తలకిందులు కావడానికి.

కాగితాన్ని గాలి తగిలేలా సమతలంగా పరిచి కనీసం మూడు గంటలు ఆరనివ్వాలి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టడం పనికిరావు. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవరులో పెడితే నమూనా పాడవుతుంది. వానాకాలంలో, సముద్రపు గాలి ఉక్కగా ఉండే కాకినాడ, విశాఖ వంటి చోట్ల ఆరడానికి ఇంకా సమయం ఇవ్వడం మేలు. కార్డు మీద పేరు, తేదీ, తీసిన గంట, ఆ వారం జ్వరం వచ్చిందా, ఆహారంలో మార్పు ఉందా అన్నవి రాయాలి. తేదీ లేని చుక్క ప్రయోగశాలకు ఒక అంకెను ఇస్తుందేమో గాని, వైద్యుడికి దేనికీ కొరగాదు.

కాగితం కూడా మామూలు ఫిల్టర్ కాగితం కాదు. శుద్ధమైన పత్తి పీచుతో, ఎక్కడ చూసినా ఒకే మేరకు రక్తం పీల్చేలా తయారవుతుంది. వాట్‌మన్ 903 అనే రకం ఎక్కువగా వాడుకలో ఉంది. దాని నుంచి 3.2 మిల్లీమీటర్ల బిళ్ల కత్తిరిస్తే అందులో దాదాపు 3 మైక్రోలీటర్ల రక్తం ఉంటుందని లెక్క. ఈ లెక్క మీదే మిగతా అంతా నిలబడి ఉంది.

కొలవడం

బ్యాక్టీరియా పద్ధతి తరువాత ఫ్లోరసెన్స్‌తో, ఎంజైమ్‌లతో కొలిచే పద్ధతులు వచ్చాయి. 1990లలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లింగ్టన్ బృందం ఎండు చుక్కలకు టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీని అన్వయించడంతో రంగమే మారిపోయింది. బిళ్లను మెథనాల్‌లో నానబెడతారు. ఆ మెథనాల్‌లో ముందే కొలిచి కలిపిన బరువైన ఫినైల్‌అలనిన్ ఉంటుంది; కొన్ని హైడ్రోజన్ పరమాణువుల బదులు డ్యుటీరియం ఉన్న రూపం ఇది. రసాయనంగా అసలుదానిలాగే ప్రవర్తిస్తుంది, బరువులో మాత్రం తేడా. యంత్రం అణువులకు విద్యుదావేశం ఇచ్చి, బరువు ప్రకారం ఎంచి, వాయువుతో ఢీకొట్టించి విరగ్గొట్టి, ఆ ముక్కలను మళ్లీ తూస్తుంది. ఫినైల్‌అలనిన్ 166 దగ్గర లోనికి వెళ్లి 120గా విరుగుతుంది. రోగి రక్తం నుంచి వచ్చిన సంకేతాన్ని, కలిపిన బరువైన రూపం సంకేతంతో భాగిస్తే పరిమాణం తెలుస్తుంది. ఒక నమూనాకు పట్టేది రెండు మూడు నిమిషాలు. టైరోసిన్ కూడా అదే పరుగులో వస్తుంది. ఫినైల్‌అలనిన్‌కూ టైరోసిన్‌కూ ఉన్న నిష్పత్తి జబ్బును నిర్ధారించేటప్పుడు విడివిడి అంకెల కన్నా నమ్మదగింది.

ఇంత సున్నితమైన యంత్రం కూడా కాగితం మీది తప్పును దిద్దలేదు. రక్తహీనత ఉన్నవారి రక్తం పలుచగా ఉండి కాగితం మీద వెడల్పుగా పాకుతుంది. అదే కొలత బిళ్లలో రక్తం తక్కువ పడుతుంది. రక్తకణాల శాతం ఎక్కువగా ఉన్న నవజాత శిశువులో దీనికి విరుద్ధం. రక్తహీనత మామూలై పోయిన మన దేశంలో ఈ సంగతి పుస్తకాల్లో కన్నా ఎక్కువగా పట్టించుకోవాలి. ఎండు చుక్కలో వచ్చే అంకె, అదే సమయంలో సిర నుంచి తీసిన ప్లాస్మాలోని అంకె కన్నా సాధారణంగా తక్కువగా ఉంటుంది. ఎంత తక్కువ అన్నది ప్రయోగశాలను బట్టి, ప్రామాణిక నమూనాలు తయారు చేసిన తీరును బట్టి మారుతుంది. చికిత్స లక్ష్యాలు మాత్రం ఈ తేడా ఎరగనట్టే ఒకే అంకెలతో రాసి ఉంటాయి. అందువల్ల ఒక బిడ్డ చుక్కలన్నీ ఒకే ప్రయోగశాలకు వెళ్లడం, చుక్క నుంచి ప్లాస్మాకు మధ్యలో మారకపోవడం ముఖ్యం. ప్రయోగశాలల మధ్య తేడాలను తగ్గించడానికి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తెలిసిన మోతాదులున్న ఎండు చుక్కలను ఇతర దేశాలకు కూడా పంపి, వచ్చిన ఫలితాలను సరిపోలుస్తుంది.

అంకెను చదవడం

2017 నాటి యూరప్ మార్గదర్శకాల ప్రకారం పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఫినైల్‌అలనిన్ లీటరుకు 120 నుంచి 360 మైక్రోమోళ్ల మధ్య ఉండాలి. ఆ పైబడిన వారిలో 600 దాకా ఒప్పుకుంటారు. 2014 నాటి అమెరికా మార్గదర్శకాలు మాత్రం జీవితాంతం 120–360 అంటాయి. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పే పాత పద్ధతిలో 120 అంటే 2, 360 అంటే 6, 600 అంటే 10. ఫలితం వచ్చినప్పుడు ముందు ప్రమాణం చూడాలి. 6 అని వచ్చిన కాగితం, 360 అని వచ్చిన కాగితం ఒకే మాట చెబుతున్నాయి.

ఏడాది లోపు వారానికి ఒకసారి, పన్నెండేళ్ల దాకా రెండు వారాలకు ఒకసారి, తరువాత నెలకు ఒకసారి చుక్క పంపాలని యూరప్ మార్గదర్శకం. జబ్బు తేలిన కొత్తలో ఇంకా తరచుగా చూడాలి. పుట్టిన పది రోజుల్లోపే చికిత్స మొదలవ్వాలి. మొదట మామూలు పాలు ఆపి ఫినైల్‌అలనిన్ లేని ఫార్ములా మాత్రమే ఇస్తారు. స్థాయి వేగంగా దిగుతుంది. లక్ష్యం దగ్గర పడగానే తల్లిపాలు కలపాలి. ఆ రోజు చుక్క ఆలస్యమైతే బర్మింగ్‌హామ్ పాపకు జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఆవుపాల కన్నా తల్లిపాలలో ఫినైల్‌అలనిన్ తక్కువ కాబట్టి చాలామంది శిశువులకు చనుబాలు కొనసాగించవచ్చు. తల్లిపాలు పూర్తిగా మాన్పించాలన్న సలహా తొందరపాటు.

ఆహారంలో ఒక గ్రాము ప్రొటీన్‌కు సుమారు 50 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనిన్ అని లెక్క. తీవ్రమైన రకం ఉన్న చాలామంది పిల్లలు రోజుకు 250 నుంచి 350 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ తట్టుకోలేరు. మన వంటింటి లెక్కలో ఇది ఎంతో చూస్తే తీవ్రత అర్థమవుతుంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రోజు కోటా అక్కడికే అయిపోతుంది. కందిపప్పులో అంతకు మూడు రెట్లు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, కోడి, వేరుశనగ పచ్చడి వీళ్ల విస్తరిలోకి రావు. సగ్గుబియ్యంలో ప్రొటీన్ నామమాత్రం కాబట్టి అది వీళ్లకు అన్నం బదులు నిలిచే వస్తువు. నెయ్యి, నూనె, చక్కెర, సొరకాయ, బీరకాయ, దోసకాయ, చాలా పండ్లు వాడుకోవచ్చు. ప్రొటీన్ అవసరంలో ఎక్కువ భాగం ఫినైల్‌అలనిన్ లేని అమైనో ఆమ్లాల పొడి తీర్చాలి. దాని రుచి, వాసన పెద్దవాళ్లు కూడా భరించలేరు. జున్ను తయారీలో మిగిలే పాలవిరుగుడు నీటిలో సహజంగానే ఫినైల్‌అలనిన్ లేని గ్లైకోమాక్రోపెప్టైడ్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాంతో చేసిన పొడులు కాస్త నయం. అయితే మిగతా పాల ప్రొటీన్ కొంత వాటిలో మిగిలే ఉంటుంది కాబట్టి దాన్నీ లెక్కలో వేసుకోవాలి. అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి శరీరంలో విడిపోయి ఫినైల్‌అలనిన్ ఇస్తుంది. చక్కెర లేని కూల్‌డ్రింకుల మీద, కొన్ని మందుల మీద ఆ హెచ్చరిక అందుకే.

అంకె పెరిగిందంటే పిల్లవాడు దొంగచాటుగా ఏదో తిన్నాడని ఇంట్లో మొదట అనుమానిస్తారు. అది చాలాసార్లు అన్యాయం. జ్వరం, టీకా తరువాతి నలత, పళ్లు రావడం, రెండు రోజులు సరిగా తినకపోవడం, ఫార్ములా సగమే తాగడం, బరువు తగ్గడం, ఇవన్నీ కండను కరిగించి స్థాయిని పెంచుతాయి. అలాంటప్పుడు ఆహారంలో ప్రొటీన్ ఇంకా తగ్గించడం కన్నా పిండిపదార్థాలు, కొవ్వులతో శక్తి పెంచి, ఫార్ములా పూర్తిగా తాగించడమే మందు. జ్వరం తగ్గి బిడ్డ తిరిగి పుంజుకుంటున్నప్పుడు, లేదా ఒక్కసారిగా పొడవు సాగుతున్నప్పుడు అంకె బాగా పడిపోవచ్చు. కొత్త కండ కట్టడానికి ఫినైల్‌అలనిన్ ఖర్చవుతోందని అర్థం, కోటా పెంచాలి. ఒక్క అంకె చూసి ఆహారం మార్చడం కంటే నాలుగైదు చుక్కల వరసను, ఆ రోజుల తిండి డైరీని పక్కపక్కన పెట్టుకుని డైటీషియన్ నిర్ణయించడమే సరైన పద్ధతి.

ఈ పద్ధతిలో పాత లోపం ఆలస్యం. తపాలా, ప్రయోగశాల, ఫోను కలిపి నాలుగు రోజులో వారమో పడుతుంది. ఈలోగా బిడ్డ స్థితి మారిపోవచ్చు. మధుమేహం వాళ్ల గ్లూకోమీటర్ లాగా ఇంట్లోనే ఫినైల్‌అలనిన్ చూపే పరికరం కోసం ప్రయత్నాలు చాలా కాలంగా సాగుతున్నాయి. అవి నమ్మకంగా అందుబాటులోకి వచ్చే దాకా కాగితమే దిక్కు.

పెద్దవాళ్లు, గర్భిణులు

మెదడు ఎదుగుదల పూర్తయిందన్న నమ్మకంతో 1970లలో చాలాచోట్ల ఐదారేళ్లకో ఎనిమిదేళ్లకో ఆహార నియమం ఆపేసేవారు. చుక్కలూ ఆగిపోయేవి. అలా ఆపిన పిల్లల్లో చదువు, ఏకాగ్రత దెబ్బతినడం తరువాతి అధ్యయనాల్లో బయటపడింది. నేడు చికిత్స జీవితాంతం అని మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాస్తవంలో పద్దెనిమిది దాటాక క్లినిక్‌కు రావడం మానేసేవారు ఎక్కువ. స్థాయి పెరిగితే పెద్దవారిలో ఆందోళన, దిగులు, పని మీద నిలకడ లేకపోవడం కనిపిస్తాయి. వీటికీ పాత జబ్బుకూ ముడి ఉందని చాలామందికి తోచదు.

స్త్రీల విషయంలో ప్రమాదం ఇంకా తీవ్రం. గర్భిణి రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువగా ఉంటే మాయ దాన్ని ఇంకా ఎక్కువ మోతాదులో బిడ్డకు చేరవేస్తుంది. బిడ్డకు జన్యు లోపం లేకపోయినా తల చిన్నదిగా ఉండడం, గుండె లోపాలు, బుద్ధిమాంద్యం వస్తాయి. రోజర్ లెన్కె, హార్వే లెవీ 1980లో ప్రచురించిన పరిశీలన ఈ సంగతిని వైద్య ప్రపంచం ముందు గట్టిగా పెట్టింది. చిన్నప్పుడు చికిత్స వల్ల తెలివిగా పెరిగిన ఆడపిల్లల తరం అప్పుడే తల్లులవుతోంది. గర్భం రాకముందు నుంచే స్థాయి 360 లోపు ఉండాలి, అప్పుడు వారానికి ఒక చుక్క, గర్భం నిలిచాక వారానికి రెండు చుక్కలు పంపాలి. నెలలు నిండుతున్న కొద్దీ బిడ్డ ఎదుగుదల వల్ల తల్లి తట్టుకోగల ఫినైల్‌అలనిన్ పెరుగుతుంది. ఆహారం దాదాపు వారం వారం మార్చుకోవాలి. జబ్బు తేలిన తొలి రోజులు తప్ప, చుక్క పరీక్ష ఇంత దట్టంగా అవసరమయ్యే దశ మరొకటి లేదు.

మందులు వచ్చాక

2007లో అమెరికా అనుమతించిన శాప్రోప్టెరిన్ అనేది బీహెచ్4కు కృత్రిమ రూపం. కొందరిలో మిగిలి ఉన్న కొద్దిపాటి ఎంజైమ్‌ను ఇది పురికొల్పుతుంది. ఎవరికి పనిచేస్తుందో చాలామందిలో ముందే కచ్చితంగా చెప్పలేం. మందు ఇచ్చి వరసగా చుక్కలు తీసి, స్థాయి 30 శాతం పడిపోతే పనిచేసినట్టు లెక్క. 2018లో అనుమతి పొందిన పెగ్‌వాలియేజ్ వేరే దారి పట్టింది. అనబీనా అనే నీలి-ఆకుపచ్చ శైవలపు ఎంజైమ్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే అది ఫినైల్‌అలనిన్‌ను రక్తంలోనే విడగొడుతుంది. తీవ్రమైన అలర్జీ ప్రమాదం ఉన్న ఈ మందును పెద్దవారికే మొదలుపెట్టారు. ఇది బాగా పనిచేసినవారిలో స్థాయి మరీ అడుగంటవచ్చు. అప్పుడు చుక్క చూసి ఆహారంలో ప్రొటీన్ పెంచాలి. 2025లో సెపియాప్టెరిన్ కూడా అమెరికా, యూరప్‌లలో అనుమతి పొందింది. మందులు వచ్చాయి కాబట్టి కొలవనక్కర్లేదు అనుకోవడానికి వీల్లేదని ఈ మూడూ చూపించాయి.

ఇతర జీవక్రియ లోపాల్లో

మేపుల్ సిరప్ మూత్ర వ్యాధిలో లూసిన్‌ను చుక్కలోనే చూస్తారు. లూసిన్, ఐసోలూసిన్, అల్లోఐసోలూసిన్ మూడూ ఒకే బరువు కావడంతో సాధారణ టాండెమ్ యంత్రం వాటిని విడదీయలేదు. నిర్ధారణకు వేరే పద్ధతి కావాలి. ఆ జబ్బులో జ్వరం వస్తే గంటల్లో మెదడు వాచే ప్రమాదం ఉంది, తపాలాకు ఎదురు చూడడం కుదరదు. మొదటి రకం టైరోసినీమియాలో నిటిసినోన్ మందు పనిచేస్తోందో లేదో సక్సినైల్‌అసిటోన్ కొలిచి తెలుసుకుంటారు. ఆ మందు టైరోసిన్‌ను పెంచుతుంది కాబట్టి దాన్నీ అదే చుక్కలో చూస్తారు. హోమోసిస్టినూరియా, గెలాక్టోసీమియాలలో కూడా చుక్కలు వాడుకలో ఉన్నాయి.

భారతదేశంలో, తెలుగునాట

దేశమంతటికీ వర్తించే నవజాత శిశు పరీక్షా కార్యక్రమం భారత్‌లో లేదు. కొన్ని రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు తమ మేరకు చేస్తున్నాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల చుక్కలను పరీక్షించి రాధా రమాదేవి, నౌషాద్ 2004లో ప్రచురించిన అధ్యయనం, దాదాపు వెయ్యి మందికి ఒకరిలో ఏదో ఒక జీవక్రియ లోపం ఉన్నట్టు చూపింది. అందులో ఎక్కువ కనిపించింది థైరాయిడ్ లోపం. ఫినైల్‌కీటోన్యూరియా ఇక్కడ యూరప్‌లో ఉన్నంత విరివిగా కనిపించదు. అరుదైనదే కావచ్చు, కానీ బిడ్డ పుట్టిన ఇంటికి అది అరుదు కాదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఫినైల్‌కీటోన్యూరియాను రెండో గుంపులో, ప్రత్యేక వైద్య ఆహారంతో నిర్వహించదగిన వ్యాధుల కింద చేర్చింది. ఇలాంటి జబ్బులకు సాయం చేసే సంగతి రాష్ట్ర ప్రభుత్వాలు పరిశీలించవచ్చని అందులో ఉంది. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ వేలిముద్రలు, వ్యాధి నిర్ధారణల కేంద్రం, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఈ విధానం కింద ఒక నైపుణ్య కేంద్రంగా ఎంపికయ్యాయి. ఎండు చుక్కకు ఐసు పెట్టె అక్కర్లేదు, మనిషి ప్రయాణం అక్కర్లేదు. ఆదిలాబాద్ నుంచైనా అనంతపురం నుంచైనా కవరులో హైదరాబాద్ చేరుతుంది. చుక్క తీయడం నేర్పే ఒక నర్సు, ఫలితం చూసి తెలుగులో ఫోను చేసి చెప్పే ఒక డైటీషియన్, నెల నెలా ఆగకుండా అందే ఫార్ములా, ఈ మూడూ ఉంటే పని నడుస్తుంది. ఫార్ములా మాత్రమే ఇచ్చి చుక్కలను కుటుంబం ఖర్చుకు వదిలేసే పథకం సగం పథకమే. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ వ్యాధికి సాయం రూపొందించేటప్పుడు చుక్క పరీక్షల ఖర్చును కూడా అందులోనే చేర్చాలి.